మేకు కొట్టని పంకా

మా అల్లుడు విశాఖపట్నం నుంచి రైలు పార్సిల్లో కరెంటు పంకా పంపించేడు. వెనకాలే మావారి పేర ఉత్తరం వచ్చింది. రాయగడ ఎండలు తనకి తెలుసుననీ, పంకా బిగించి కబురు చెయ్యమనీ, లేకపోతే తనే వచ్చి కాత్యాయనిని తీసుకుపోయి అక్కడే పురుడు పోయిస్తాననీ రాసేడు. కాత్యాయని మా ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదో నెల పడింది. ఆ పిల్లని ఆ స్థితిలో రైలెక్కించడానికి నేను ఒప్పుకోను.

అలాగని పంకా అంటే భయం లేదా అంటే, అదీ ఉంది. ఊడి పడుతుందేమో, రెక్క విరిగి తగులుతుందేమో, కరెంటు ఇనప కడ్డీలోంచి దిగుతుందేమో. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా గోడకి మేకు దిగకూడదు, గడ్డపార తగలకూడదు. మా పుట్టింట్లోనూ అదే, అత్తవారింట్లోనూ అదే. పక్కింటి గురమ్మగారు, మా వీధిలో పురుళ్ళన్నిటికీ పెద్ద దిక్కు ఆవిడే, మేకు కొట్టిన ఇంట్లో పెదవి చీలిన పిల్ల పుట్టడం తన కళ్ళతో చూసేనని చెప్పింది. మావారు నవ్వేరు. నవ్వినా, కాత్యాయని పురిటికి వచ్చినప్పట్నుంచీ కేలండరు మార్చడానికి కూడా కొత్త మేకు కొట్టలేదు. పాత మేకుకే తగిలించేరు.

వీధి దీపాల పని చేసే జోగయ్యని పిలిపించేం. సెలవు రోజుల్లో ఇళ్ళల్లో కరెంటు పనీ, తలుపుల పనీ, పెంకులు సర్దడమూ చేస్తాడు. మేకు కొట్టకుండా పంకా బిగించాలని చెప్తే వేళాకోళం చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. కమ్మరి దగ్గర ఇనప పట్టీ చేయించి దూలం చుట్టూ తిప్పి మరలతో బిగిస్తానన్నాడు, దూలానికి చిల్లు అక్కర్లేదన్నాడు. వైరు కూడా దూలం పొడుగునా పురికొసతో కడతానన్నాడు. ఈ మనిషికి సంగతి తెలుసు, పరవాలేదు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే నిచ్చెనతో వచ్చేడు. మావారు ఉద్యోగం పనిమీద కొల్నార కేంపులో ఉన్నారు, బుధవారానికి గాని రారు. పనివాడు ఇంట్లో తిరిగినంతసేపూ కాత్యాయని ఉండకూడదని గురమ్మగారింటికి పంపించేను. నిచ్చెన కింద నేను నిలబడ్డాను. పడితే పట్టుకోగలనా, లేను. అయినా నిలబడ్డాను.

జోగయ్య దూలాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి సుత్తితో కొట్టుకుంటూ వెళ్ళేడు. నడిమిట్లో కంగుమంది. గోడ దగ్గరకి వచ్చేసరికి చప్పుడు బోలుగా వచ్చింది. వేలితో నొక్కేడు. సున్నం పెళ్ళ ఊడి, వెనకాల నుంచి చెదమన్ను జలజలా నా తలమీద రాలింది. దిగొచ్చి, చేతులు కడుక్కుని, అప్పుడు చెప్పేడు. ఆ దూలం మా మామగారు జయపురం సంస్థానంలో అమీనుగా ఉన్నప్పుడు వేయించిన సాల కర్ర దూలం. గోడలో ఉన్న మూరెడు ముక్కా చెద తినేసిందట. ఇంటంతటికీ అదే దూలం, ఏ గదిలో పడుకున్నా దాని కిందే. ఇంకొకళ్ళింట్లో పురుడు పోసుకోవడం మాట తలపెట్టడానికి లేదు, ఆ మైల వాళ్ళెందుకు భరిస్తారు.

కింద రాట పెడితే చాలదా అని అడిగేను. ఒట్టి కప్పుకైతే కొన్నాళ్ళు చాలుననీ, పంకా అదురుకి మాత్రం తను పూచీ పడలేననీ అన్నాడు. నాలుగు రోజుల్నించి సాయంత్రంపూట గాలిదుమారాలు వస్తున్నాయి, అదీ గుర్తుచేసేడు. దూలాన్ని రాటల మీద ఎత్తి, గోడ విప్పి, కుళ్ళిన ముక్క కోసేసి కొత్త ముక్క అతకాలి. ఒక్క రోజు పని.

గోడ విప్పడం అంటే గడ్డపార. మేకు కూడా కాదు.

నేను అరుగుమీద కూచున్నాను. విప్పకుండా పంకా పెడితే కప్పు పడుతుంది, పంకా వద్దంటే అల్లుడొచ్చి పిల్లని రైలెక్కిస్తాడు. విప్పితే బిడ్డకి ఏమవుతుందో. మావారికి కబురంపితే రేపటికి గాని అందదు, ఆయన వచ్చినా నవ్వుతారు గాని చెప్పరు. గురమ్మగారిని అడిగితే ఏమంటుందో నాకు తెలుసు. జోగయ్య బీడీ కూడా వెలిగించకుండా గుమ్మం అవతల నిలబడ్డాడు. అప్పుడు అడిగేను.

"మీ ఇళ్ళల్లో ఇలాంటివి పాటిస్తారా, జోగయ్యా?"

"పాటించేమమ్మా. మా ఇంటిది దేముడమ్మ కడుపుతో ఉన్నన్నాళ్ళు నాను ఇంట్లో సుత్తి ముట్టుకోనేదు. వానకి పెంకు జారినా సర్దనేదు. తడుస్తా తొంగున్నాం."

"ఏం పుట్టింది?"

"ఆడపిల్ల. మూడో నాడు పోయింది."

ఆ మాట అతను దూలం కుళ్ళిందని చెప్పినట్టే చెప్పేడు. ఎవరిమీదా నెపం పెట్టలేదు. గోడ వైపు చూపించి అన్నాడు.

"విప్పమంటే విప్పుతాను. వొద్దంటే రాట పెట్టేసి పోతాను. మీరు సెప్పాలమ్మా, నాను సెప్పకూడదు."

విప్పమన్నాను. ధైర్యం వచ్చి కాదు. ఏ భయానికైనా ఒక చోటుండాలి కదా, కప్పు భయం నా కళ్ళెదురుగా మన్ను రాలుస్తోంది.

జోగయ్య వెళ్ళి ఇద్దరు కూలీలనీ, రాటలనీ, కొత్త ముక్కనీ తెచ్చేడు. మధ్యాహ్నం రెండింటిదాకా గోడలో గడ్డపార మోగింది. ఒక్కొక్క పోటుకీ నేను దేవుడి పేరు అనుకున్నాను, తర్వాత అనుకోవడం మానేసి ఇటుకలు అందుకున్నాను. పొద్దుగూకేలోపల దూలం కొత్త ముక్కతో గోడలో కూర్చుంది. పట్టీ బిగించి, పట్టీకి తాడు కట్టి జోగయ్య తనే వేలాడి చూపించేడు. మర్నాడు పొద్దున్న వచ్చి పంకా ఎక్కించేడు.

కాత్యాయని ఆదివారం సాయంత్రమే ఇంటికొచ్చి తడి గోడ చూసింది. గురమ్మగారి అరుగుమీద కూచుని చప్పుడంతా విన్నానంది.

"ఆవిడ విన్నారా?" అని అడిగేను.

"విన్నారు. చెవులు మూసుకోమన్నారు నన్ను. కడుపు మూసుకోడం ఎలాగో చెప్పలేదు."

నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల ఒక్కర్తే నవ్వింది.

పంతొమ్మిది రోజులకి ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బొడ్డు కోస్తూండగానే దీపం దగ్గరగా పట్టి పెదవులు చూసేను, అంగిట్లో వేలు పెట్టి చూసేను, చెవులూ, అరచేతులూ, కాలివేళ్ళూ చూసేను. గురమ్మగారు వచ్చి నా తర్వాత మళ్ళీ అన్నీ చూసింది. బాగానే ఉన్నాయంది, ఆ అనడంలో ఇంకా చూద్దాం అన్నట్టుంది. నాకూ అలాగే ఉంది. మూడో నాడు పిల్ల పాలు తాగడం రెండు నిమిషాలు ఆలస్యమైతే నేను అన్నం దగ్గర్నుంచి లేచిపోయేను.

తొమ్మిదో నాడు జోగయ్య గోడకి సున్నం వెయ్యడానికి వచ్చేడు. పురుడు ఇంకా వెళ్ళలేదు, పురిటి గది మాట అటుంచి ఇంట్లోకే రాకూడదు కనక వీధి వైపు గోడ ముందు వేస్తానన్నాడు. బాల్చీ దింపి, నన్ను చూడకుండా, పిల్ల పాలు తాగుతోందా అని అడిగేడు. తాగుతోందన్నాను. ఇంకేమీ అడగలేదు.

నేను లోపలికెళ్ళి కాత్యాయని పక్కలోంచి పిల్లని తీసి, పాత చీరముక్కలో చుట్టి గుమ్మం దాకా తెచ్చేను. పదకొండు రోజులు కాకుండా పరాయి మగవాడికి చూపించడమేమిటని గురమ్మగారు తన అరుగుమీంచే కేకలేసింది. జోగయ్య సున్నం చేతులు వెనక్కి పెట్టుకుని, గడప ఇవతలకి రాకుండా మెడ చాపి చూసేడు. పిల్ల ఎండకి కళ్ళు చిట్లించి ఆవలించింది.

"బావుందమ్మా," అన్నాడు. "లోపలికి తీసుకెళిపోండి, ఎండ."