జ్లాటినా నేర్పిన చదువు

డాన్యూబ్ ఒడ్డున ఆ చిన్న బల్గేరియా పట్టణంలో జ్లాటినా ముప్పై ఏళ్లుగా నర్సులకు చదువు చెబుతోంది. ఆ ఏడాది పాసైన పదకొండు మందీ జర్మనీలో ఉద్యోగాలకు ఒప్పుకున్నారు.

"నువ్వైనా ఉండిపోవే రాలిత్సా," అని తనకిష్టమైన శిష్యురాలిని బతిమాలింది. "నర్సుల్లేక మన ఊళ్లో కాన్పుల వార్డు మూసేస్తున్నారే."

"ఇక్కడి జీతం ఇంటద్దెకే చాలదు మేడమ్. మా నాన్న ద్రాక్షతోట అమ్మి మరీ చదివించాడు. అయినా మీరింత బాగా నేర్పబట్టేగా వాళ్లు రమ్మంటున్నారు!"

జ్లాటినా ఆ పిల్లను ముద్దుపెట్టుకుని పంపేసింది.

చలికాలంలో జ్లాటినా కూతురికి నొప్పులొచ్చాయి. మంచులో పక్క జిల్లా ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ దక్కలేదు.

నెల తర్వాత జ్లాటినా మళ్లీ తరగతికి వెళ్లింది. కాస్త తక్కువ నేర్పితే ఈ పిల్లలు ఇక్కడే ఉండిపోతారేమో అనిపించింది. కానీ అలా నేర్పడం ఆమెకు చేతకాలేదు.