చెవుల వరకే నా కాపలా

నేను ఒక టోపీని. ఎండకో చలికో పెట్టుకునే రకాన్ని కాను. మెత్తటి స్పాంజి ముక్కలు కుట్టి, గడ్డం కింద తాడుతో బిగించే రగ్బీ టోపీని. జపాన్‌లో ఒసాకా దగ్గర చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను కుట్టినావిడ దారం తెంపుతూ, "ఎవరి తలో ఏమో, జాగ్రత్తగా చూసుకో" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని చాలాకాలం గొప్పలు పోయాను.

నాకు దక్కిన తల కుసునోకి రెంజిది. పొద్దున కంపెనీ ఆఫీసులో ఫైళ్ళు చూసి, మధ్యాహ్నం ఆ కంపెనీ జట్టుకే ఆడేవాడు. తర్వాత ఉద్యోగం వదిలేసి ఆటనే వృత్తిగా పెట్టుకున్నాడు. "దెబ్బ తగిలితే మన గతేమిటి?" అని భార్య మినాకో అడిగింది. నన్ను వేలికి తగిలించి తిప్పుతూ, "ఇది ఉందిగా!" అన్నాడు. నేను ఉబ్బిపోయాను.

ఆ ఆట మాత్రం నాకు ఎన్నడూ బోధపడలేదు. బంతి గుండ్రంగా ఉండదు. ముందుకు పోవడానికి దాన్ని వెనక్కి విసురుతారు. స్క్రమ్ అని ఒకటుంది, రెండు జట్ల వాళ్ళూ వంగి, తలలు దూర్చి ఎద్దుల్లా నెట్టుకుంటారు. అక్కడ నాకు ఎదురుపడే ముఖం హమాసాకిది. కాలేజీలో రెంజితో ఒకే గదిలో ఉన్నవాడు, ఇప్పుడు వేరే జట్టు. వీళ్ళు ఇలా కుమ్ముకోవడమేమిటో! చివర ఈల మోగగానే ఆట ముగిసినట్టు. దాన్ని అక్కడ 'నోసైడ్' అంటారు, ఇక నీ వైపూ లేదు నా వైపూ లేదని. అంతే, ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని నడిచిపోతారు. మరి అంతసేపూ ఎందుకు కొట్టుకున్నట్టు?

ఒకసారి తలకు గట్టి దెబ్బ తగిలింది. మర్నాడు రెంజి చెప్పులు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడట. డాక్టరమ్మ నన్ను చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది.

"కుసునోకిగారూ, ఇది చెవులు నలగకుండా, చర్మం చిట్లకుండా చూస్తుంది. లోపల మెదడు అదిరితే ఇదేం చేస్తుంది? ఇంకో దెబ్బ తగిలితే ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా గుర్తుండకపోవచ్చు."

నాకు తల తిరిగింది. తలను కాపాడలేకపోతే నేను తల మీద ఎందుకున్నట్టు? రెంజి కొన్నాళ్ళు ఆగి, పరీక్షలన్నీ గట్టెక్కి, మళ్ళీ నన్నే తగిలించుకున్నాడు. ఈసారి నాకు భయం వేసింది.

హమాసాకి జట్టుతో ఆట. వాన. ఎవరిదో మోకాలు వచ్చి నా మీద పడింది. రెంజి లేచాడు. నిదానంగా నడిచి వెళ్ళి హమాసాకి జట్టు నీలం చొక్కాల మధ్య నిలబడ్డాడు. మనది ఎరుపు కదా! అరుద్దామంటే నాకు నోరేదీ? జనం నవ్వారు. అంతా స్క్రమ్‌కి వంగుతున్నారు. ఇప్పుడు తల దూర్చాడంటే ఇక అంతే.

నీలం జట్టు ఓడిపోయేలా ఉంది. రెంజి లేక ఎరుపు వరసలో సరిగ్గా నడుమ ఖాళీ, నెడితే గెలుపే. హమాసాకి నెట్టలేదు. చెయ్యెత్తి ఆట ఆపించాడు. వచ్చి నా తాడు విప్పాడు.

"నోసైడ్ రా, రెంజీ."

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది. పద."

పచ్చి అబద్ధం, ఆట ఇంకా మిగిలే ఉంది. రెంజి నమ్మి, జనానికి వంగి నమస్కరించాడు. మళ్ళీ మైదానంలోకి దిగలేదు.

ఇప్పుడు నేను క్లబ్బు హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాను. కింద అట్ట మీద 'కుసునోకి తలను కాపాడిన టోపీ' అని రాశారు. మొన్న రెంజి, హమాసాకి కలిసి వచ్చారు. రెంజి అది చదివి, చెవి పట్టుకుని లాగి చూసుకుని నవ్వాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఆ రోజు నేను ఎవరి వైపు నిలబడ్డాన్రా?"

"మా వైపు."

"మరి నువ్వు?"

"నీ వైపు."

రెంజి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ అట్ట మీద ఉండాల్సింది నా పేరు కాదని నాకొక్కదానికే తెలుసనుకున్నాను. రెంజికి కూడా తెలుసు.