ఇంటిపేరు పైలా

మాజీ సైనికుల అర్జీలు పుచ్చుకునే ఆ ఆఫీసులో అప్పలనరసమ్మకి నచ్చిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు. తిరగని ఫ్యాను నచ్చలేదు. "కృపయా శాంతి రఖే" అన్న బోర్డు, నోరు మూసుకోమని దానర్థమని మొగుడు చెప్పాక, మరీ నచ్చలేదు. అన్నిటికంటే ఆ గుమాస్తా నచ్చలేదు. ఏడాదిన్నరలో నాలుగు అర్జీలు పెట్టినా వాడు మొహం చూసి గుర్తుపట్టడు. బీర్‌గావ్ నుంచి టెంపోలో రాయపూర్ వచ్చి, ఎండలో వరసకట్టి, కిటికీ దాకా వస్తే ప్రతిసారీ కొత్తగా "నామ్?" అంటాడు. "పైలా దానయ్య" అని ఆమె మొగుడూ ప్రతిసారీ కొత్తగానే చెబుతాడు.

దానయ్య నోట్లో నాలుక లేని మనిషి. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి అరవై నాలుగులో ఆర్మీలో చేరాడు. అందులోనే రోడ్లు వేసే కంపెనీలో పదిహేనేళ్ళు చేసి బయటికొచ్చి, బీర్‌గావ్ పక్కన ఉర్లాలో ఒక ఇనుప మిల్లు గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో, పడమటి సరిహద్దులో, ట్యాంకులు పోయే దారి బాగుచేస్తుంటే గుండు పేలి ఇనప ముక్క కుడి మోకాట్లో దిగింది. ఆరు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పటినుంచి ఆ కాలు వంగదు. బస్సులో కూర్చుంటే నడవలోకి చాచాలి, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ దాన్ని తన్నుకుంటూ పోతారు.

యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి సర్కారు ఒక పతకం ఇస్తుంది. దానయ్య డిశ్చార్జి బుక్కులో ఆ పతకం లేదు. గాయం అన్నచోట "లారీ మీంచి పడ్డాడు" అని రాసి ఉంది. బుక్కు చేతికిచ్చిన రోజే ఆయన చూశాడు. పోనీలే అనుకున్నాడు. పోనీలే అనడం ఆయనకి బాగా వచ్చు.

నరసమ్మ కూడా ఊరుకునేదేమో. కిందటేడు జనవరి ఇరవై ఆరున మాజీ సైనికుల సంఘం వాళ్ళు పరేడుకి పిలిచారు. పాత సుబేదారు ఎప్పుడో "అది నీదే, ఇవాళ కాకపోతే రేపొస్తుంది" అన్న మాట నమ్మి, దానయ్య కోటు మీద ఆ పతకం రిబ్బను కుట్టించుకుని వెళ్ళాడు. సంఘం సెక్రటరీ ఆయన్ని నలుగురి ముందూ నిలబెట్టి, బుక్కు చూపించమని, తిరగేసి, "నక్లీ ఫౌజీ" అన్నాడు. దొంగ సిపాయి అన్నమాట. అని ఊరుకోలేదు. రిబ్బను పట్టుకుని పీకాడు. జేబు గుడ్డ కూడా చిరిగింది.

ఆ రోజు నుంచి దానయ్య తాను ఆర్మీలో చేసినట్టు ఎవరికీ చెప్పడం మానేశాడు. మిల్లులో ఎవరైనా కాలికేమైందని అడిగితే లారీ మీంచి పడ్డానంటాడు. ఆ మాట చెవినపడ్డ రోజున నరసమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ బుక్కులో రాసిందే నువ్వూ సెప్తన్నావేటి మావా? నీ కాలు సంగతి నీకు తెల్దా?"

"పోన్లేయే నర్సీ."

"పోనీను. నువ్వు పోనిస్తే పోనీయి, నాను పోనీను."

అలా మొదలైన అర్జీల్లో ఇది నాలుగోది. కిటికీ అవతల గుమాస్తా ఈసారి వాళ్ళని లోపలికి రమ్మన్నాడు. రికార్డుల ఆఫీసు నుంచి జవాబొచ్చిందన్నాడు. గబగబా చదివేసి, అమ్మా అన్నట్టు "దాయీ" అని నరసమ్మని పిలిచి, తేలిక మాటల్లో మళ్ళీ చెప్పాడు. యుద్ధంలో గాయపడ్డవాళ్ళ జాబితాలో పైలా దానయ్య అనే మనిషి లేడు, అందుకే బుక్కులో కాలికి కారణం లారీ అని రాశారు. "దానయ్యా పహలా" అని ఇంకొకతను ఉన్నాడు. కార్బన్ కాపీలో అతని నంబరు చెదిరిపోయింది. పతకం అతనిది. కాబట్టి అర్జీ కొట్టేశారు.

"దానయ్య పహలా ఏటి? అదేం పేరు?"

ఆమె హిందీ బజారు హిందీ, అయినా గుమాస్తాకి అర్థమైంది. ఒకే కంపెనీలో ఒకే పేరువాళ్ళు ఇద్దరుంటే పహలా, దూసరా అని రాస్తారని చెప్పాడు. మొదటివాడు, రెండోవాడు.

"పద, ఎల్లిపోదాం" అని దానయ్య లేచాడు.

నరసమ్మ లేవలేదు. బీర్‌గావ్ కుళాయి దగ్గర పదేళ్ళుగా "పహలా మేరా" అని బిందె అడ్డంపెట్టి పోట్లాడుతున్న మనిషి ఆమె. వెనక రెండో బిందె లేకపోతే మొదటి బిందె గురించి ఎవరూ నోరు చేసుకోరని ఆమెకి తెలుసు.

"ఫిర్ దూసరా కహా హై?" అంది.

"క్యా?"

"పహలా ఉన్నాడు కదా. దూసరా దానయ్య ఏడీ? దిఖావ్."

గుమాస్తా విసుక్కుంటూ జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చాడు. రెండో దానయ్య లేడు. జవాబుతో జతచేసిన కంపెనీ పేర్ల పట్టీ తీశాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క దానయ్య. వాడి వేలు అక్కడే ఆగిపోయింది.

"మావా, దెబ్బ తగిలిన్నాడు నీ పేరు రాసుకున్నోడికి ఏటని సెప్పినావు?"

"ఏటని సెప్తాను? డేరాలో రైటరు నామ్ అన్నాడు. పైలా దానయ్య సాబ్ అన్నాను."

"ఆడేటి, మనోడా?"

"కాదే, హిందీవోడు."

గుమాస్తాకి అప్పుడు వెలిగింది. వెలగ్గానే నవ్వాడు. పైలా అంటే పహలా అనుకున్నాడట యార్, అని పక్క బల్లవాణ్ణి పిలిచి చెప్పాడు. వాడూ నవ్వాడు. మూలనున్న టైపిస్టు కూడా నవ్వాడు. పద్దెనిమిదేళ్ళుగా ఒక మనిషి కాలు అబద్ధమై పడి ఉంటే, వీళ్ళకది టీతోపాటు నంజుకునే కబురైంది.

నరసమ్మ బల్లమీద అరచేత్తో చరిచింది. గ్లాసు దొర్లి ఫైళ్ళ మీద టీ ఒలికింది.

"ఏల నవ్వుతార్రా? ఏటుందని నవ్వుతారు? ఈ మనిషి ఏడాదిన్నర్నించి నలుగురిలోకి రాడం లేదు, తెల్సా మీకు?"

తెలుగు రాకపోయినా నవ్వు ఆగింది. ఆ చప్పుడుకి లోపలి గదిలోంచి ఆఫీసరు వచ్చాడు. రిటైరైన మేజరు. సంగతంతా విన్నాడు. మంచివాడే పాపం, తేలికదారి చెప్పాడు. దానయ్యా పహలా అన్నది కూడా నా పేరే అని నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ చేయించి తెస్తే రెండు నెలల్లో పతకం వస్తుంది. అలా కాదు, జాబితాలో పేరే దిద్దాలంటే ఎన్నాళ్ళు పడుతుందో తనకీ తెలియదు.

దానయ్య తలూపాడు. ఆయన తలూపడం చూసి నరసమ్మకి ఒళ్ళు ఇంకా మండిపోయింది.

"నువ్వేల ఇస్తావు? పేరు నువ్వు సరీగ్గా సెప్పినావు. తప్పు రాసినోడు ఆడు. ఆడి తప్పుకి నాకు రెండు పేర్లని నువ్వు స్టాంపు కాయితమ్మీద ఒట్టేస్తావా? రేపు ఆ సెక్రటరీ అది సూస్తే ఏటంటాడు? పేరు కూడా నక్లీయే అనడా?" మేజరు వైపు తిరిగింది. "గల్తీ ఆప్ కా. అఫిడవిట్ ఆప్ దో." తప్పు మీది, రాసివ్వాల్సింది మీరేనని.

ఈ ఆఫీసు నుంచి అలాంటి చిట్ఠీ ఎప్పుడూ ఎవరూ రాయలేదన్నాడు మేజరు. అయితే ఇవాళ రాయండంది. కిటికీ అవతల వరసలో జనం గొణుగుతున్నారు. ఆమె కుర్చీలో మరింత సర్దుకుని కూర్చుంది. మేజరు గడియారం చూసుకున్నాడు, ఆమెని చూశాడు, టైపిస్టుని రాసుకోమన్నాడు.

తప్పు రాసింది మన రాతగాళ్ళేనని, అర్జీదారు తప్పేమీ లేదని, జాబితా సరిచేసి గాయాన్నీ పతకాన్నీ ఇతని రికార్డులో చేర్చాలని మేజరు హిందీలో చెబుతుంటే, టైపిస్టు టకటకా కొట్టుకుపోయాడు. మధ్యలో తలెత్తకుండానే "నామ్?" అన్నాడు. దానయ్య చెప్పాడు.

ఆర్మీలో దానయ్య హిందీ పరీక్ష ప్యాసయ్యాడు. కుంటుకుంటూ వెళ్ళి టైపిస్టు భుజం మీంచి చూశాడు. పేరు ఉండాల్సిన చోట "పహలా దానయ్యా" అని ఉంది.

"ఫాడో!"

చింపమన్న ఆ అరుపు ఎవరిదో ముందు నరసమ్మకే తెలియలేదు.

"ఫాడో ఇస్కో! పహలా నహీ, పైలా! మేరా బాప్ పైలా, మేరా దాదా పైలా!" హిందీ చాలక దానయ్య తెలుగులోకి వచ్చేశాడు. "ఆయేల నా పక్కనున్నోడు సచ్చిపోనాడ్రా! ఆడి పేరైనా సరీగ్గా రాసినారో లేదో! లారీ మీంచి పడ్డానని రాసినారు, పోనీలే అన్నాను. నక్లీ అన్నారు, పోనీలే అన్నాను. నాను లారీ మీంచి పడలేదు! ఇన్నారా? పడలేదు!"

ఇన్నాళ్ళూ ఇద్దరి కోపమూ తనొక్కతే మోస్తున్నాననుకుంది నరసమ్మ. ఆయన కోపం ఆయన దగ్గరే ఉంది. పోనీలే అన్న ప్రతిసారీ కొంచెం కొంచెం లోపల దాచుకున్నాడు. అది తెలిసేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. వీళ్ళ ముందు ఏడుపొచ్చినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

టైపిస్టు కాగితం లాగి చింపాడు. కొత్తది ఎక్కించాడు. దానయ్య వాడి కుర్చీ వెనకే నిలబడి ఒక్కో అక్షరం చెప్పి కొట్టించాడు. ఎవరూ నవ్వలేదు.

సంతకం పెట్టడానికి మేజరు పెన్ను మూత తీశాడు.

"రుకియే" అన్నాడు దానయ్య. ఆగమని. పదిహేనేళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరుతోనూ ఆ మాట అనలేదు. కాగితం చేతిలోకి తీసుకుని, తారీఖు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కో మాటా చదవసాగాడు. మేజరు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.