పైపు నునుపు

రెజీనా అరచేతిలో నెత్తురు ముందు చూసింది ఆమె మొగుడు లాజరసే. ఆమెకు తెలియనే లేదు.

పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమపక్క పడిపోయి నెల దాటింది. కాలు కొంచెం కొంచెంగా తేరుకుంటోంది గాని, చెయ్యి మాత్రం మాట వినడం లేదు. రెండు వైపులా పైపులు కట్టి, వాటిని పట్టుకుని రోజూ నడవాలని, ఆలస్యం చేస్తే కీళ్లు బిగుసుకుపోతాయని, నెల్లూరు ఆసుపత్రిలో ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి గట్టిగా చెప్పి పంపింది.

లాజరస్‌ది వెల్డింగ్ పని. అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు విరిగితే అతికి ఇచ్చేది అతనే. షెడ్డు వెనక పడి ఉన్న పాత ఏరేటర్ల పైపులు తెచ్చి, వాకిట్లో గుంజలు పాతి, నడుమెత్తున బిగించి ఆమెను నిలబెట్టాడు. ఉప్పునీళ్లు తిన్న పైపులు. ఒళ్లంతా గుంటలు, పెచ్చులు. ఆమె నాలుగడుగులు వేసి కూర్చుంది. అప్పుడు చూశాడు, ఎడమ అరచెయ్యి చీరుకుపోయి ఉంది.

"నొప్పి పుట్టలేదా మే?"

ఆమె తన చేతిని ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకుంది. "నాకేం తెలవలా."

ఆ మాట లాజరస్‌ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ సాయంత్రమే పైపులు ఊడదీశాడు. చేత్తో ఎమరీ కాగితం పట్టి రుద్దాడు. భుజం పట్టేసింది. రాపిడి చక్రం పెడితే గుండ్రటి పైపు మీద చదును మచ్చలు పడ్డాయి. చక్రం కాదు, పైపును చుట్టుకుని తిరిగే బెల్టులాంటి పట్టా కావాలనుకున్నాడు. అనుకున్నాక ఆగే మనిషి కాదు. వంటింట్లో ఉన్న పిండి గ్రైండరు విప్పి మోటారు బయటికి లాగాడు.

మంచం మీది నుంచి రెజీనా చూసింది. "ఏమయ్యా, దాన్ని కూడా పడగొట్టినావా? నేను పడింది చాల్లేదా?"

"మళ్లీ బిగిస్తాలే."

"అందాక ఇడ్లీలు ఎవురింటికి పోయి తింటావో తిను."

పక్కింటి వడ్రంగి చెంచయ్య టేకుముక్కతో మూడు చక్రాలు చెక్కి ఇచ్చాడు. లాజరస్ ఇనప యాంగిల్ ముక్కలు అతికి చట్రం చేశాడు. ఒక చక్రం మోటారుకి, రెండు చక్రాలు బేరింగుల మీద. వాటి చుట్టూ ఎమరీ గుడ్డ పట్టా. పైపు ఆనించే చోట పట్టా వదులుగా ఉంటే అది వంగి పైపును చుట్టుకుంటుంది. స్విచ్ వేశాడు. పట్టా గిర్రున తిరిగి, పక్కకు జరిగి, గోడకు తగిలి కిందపడింది. మళ్లీ వేశాడు. మళ్లీ పడింది.

చెంచయ్య నవ్వాడు. "లాజరన్నా, నీ మిషనూ నీ మాదిరే. ఒకచోట నిలవదు."

లాజరస్ చక్రం మధ్యలో నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి కాస్త ఉబ్బు చేశాడు. ఉబ్బు ఉన్నచోటికే పట్టా ఎక్కి నిలిచింది. అంతలో పట్టా అతుకు ఊడి, కొరడా మాదిరి పిక్క మీద కొట్టింది. కుంటుకుంటూ వెళ్లి బంక డబ్బా తెచ్చుకున్నాడు.

"రావయ్యా, కాసేపు నీ భుజం పట్టుకుని నడుస్తాను" అని రెజీనా ఇంట్లో నుంచి పిలిచేది.

"పైపు పని కానీ" అనేవాడు.

అన్నం పళ్లెం చేత్తో పట్టుకునే షెడ్డులోకి పోయేవాడు. చర్చి సంఘం ఆడవాళ్లు రెజీనా మంచం చుట్టూ చేరి ప్రార్థన చేస్తుంటే కళ్లు మూసుకుని నిలబడి, మధ్యలో జారుకున్నాడు. కాసేపటికి మిషను మోత లేచింది. ప్రార్థన చేస్తున్న ఫ్లోరమ్మ గొంతు పెంచింది. "తండ్రీ, ఈ బిడ్డను లేపు! ఆ మోత కూడా ఆపు తండ్రీ!" రెజీనాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు షెడ్డు దాకా వినిపించలేదు.

మొరటు పట్టాతో మొదలుపెట్టి సన్నటి పట్టా దాకా వచ్చాడు. గుంటలు పోయాయి. పైపులో ముఖం కనబడింది. తృప్తి లేదు, ఇంకోసారి పట్టాడు. తన చెంపకు రాసుకుని చూసి, అప్పుడు తీసుకుపోయి బిగించాడు.

రెజీనా లేచే సరికి కాలు ముందటికన్నా బిగిసి ఉంది. కుడిచేత్తో గట్టిగా, ఎడమచేత్తో ఎట్లాగో పైపులు పట్టుకుని ఒక అడుగు వేసింది. ఎడమచెయ్యి సర్రున జారింది. నేల మీద పడేదే, లాజరస్ చంకకింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"పట్టుకున్నానో లేదో తెలవడంలా అయ్యా. నీళ్లను పట్టుకున్నట్టుండాది."

"ఇంకా నునుపు చేస్తా."

"ఇంకానా!" ఆమెకు కోపం వచ్చింది. "నెత్తురు చూసి బెదిరిపోయింది నువ్వు, నేను కాదు. చేతికి ఏదో ఒకటి తెలవాల్నా, వద్దా? ఇన్నాళ్లు ఆ మోత వింటా మంచంలో పడుండా. నన్ను ఆ మిషను కాడికి తీసకపో."

అతను కుర్చీ వేసి, మోసుకుపోయినంత పని చేసి ఆమెను షెడ్డులో కూర్చోబెట్టాడు. మేకుకు తగిలించిన అరిగిపోయిన మొరటు పట్టా తీసి ఎక్కించాడు. వాకిట్లో నుంచి ఒక పైపు ఊడదీసి తెచ్చి, కొసను పట్టాకు మెల్లగా ఆనించి తిప్పాడు. మెరుపు పోయింది. మోటారు ఆపి కొస ఆమె ఎడమచేతికి అందించాడు.

"తెలస్తా ఉందా?"

"లేదు."

మళ్లీ పట్టాడు.

"ఊహూఁ."

ఈసారి కాస్త అదిమి పట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. ఆమె వేళ్లను తనే ఒక్కొక్కటిగా పైపు మీద మూశాడు. రెజీనా కళ్లు మూసుకుంది.

"ఆగు. ఇక్కడ ఏందో ఉండాది."

"గుచ్చుకుంటా ఉందా?" గబుక్కున ఆమె చెయ్యి తిప్పి చూశాడు. నెత్తురు లేదు. ఎర్రగా మాత్రం ఉంది.

"గుచ్చుకోవడంలా. పిల్లి నాలిక మాదిరి ఉండాది." మళ్లీ తనే పట్టుకుంది. ఈసారి ఎవరూ మూయకుండానే వేళ్లు మూసుకున్నాయి.

లాజరస్‌కు కాలు నిలవలేదు. పైపు పొడవునా అట్లాగే పట్టాలి, రెండోదీ ఊడదీసి తేవాలి. "సరే, వదులు మే. మిగతాది కూడా పడతా."

"నువ్వే లాక్కో."

మెల్లగా లాగాడు. రాలేదు. ఆమె ఎడమచేతి కణుపులు తెల్లబడ్డాయి.

"గట్టిగా లాగవయ్యా, అన్నం తినలేదా?"

అతను కాళ్లు నిలదొక్కుకుని గట్టిగా లాగాడు. కుర్చీ కిర్రుమని కదిలింది గాని, పైపు రాలేదు.