డెల్ఫీన్ పాడిన డిస్కో

డెల్ఫీన్ పాడుతున్నప్పుడు ఎలిస్ ఆమె ముఖం చూడడు. కుడి భుజం చూస్తాడు. భుజం లేచిందంటే ఊపిరి తీసుకుంటోందని అర్థం. డ్రమ్ము మీద అతని కర్ర ఆగుతుంది. ఆమెకు ఎంతసేపు కావాలంటే అంతసేపు. ముప్పై ఏళ్లుగా డెట్రాయిట్ చర్చిల్లో, చిన్న హాళ్లలో వాళ్లు సోల్ అని పిలిచే, గుండెల్ని కదిలించే పాటలు అలాగే సాగాయి. జనం కూర్చుని వింటారు, ఏడుస్తారు, ఇళ్లకు వెళ్తారు.

2013లో ఆమెకు అరవై నాలుగేళ్లు. ఎడమ ఊపిరితిత్తి సగం పనిచేయడం లేదని డాక్టరు చెప్పాడు. ఆ ఏడాదే ఆమెకు డిస్కో పాడాలని బుద్ధి పుట్టింది.

"నా పాటకు జనం లేచి ఎగరడం ఒక్కసారి చూడాలి," అంది నాతో.

డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో నాకొక చిన్న రికార్డింగ్ గది ఉంది. డెల్ఫీన్ పాటలు అక్కడే రికార్డు చేసేవాణ్ణి. ఆమె డిస్కో పాట కట్టినవాడు ఉమాకాంత్. పార్టీలకు డీజే. ఎలిస్‌ను రావద్దన్నాడు. డ్రమ్ములు కంప్యూటర్‌లో ఉన్నాయి.

"అవి ఆమె కోసం ఆగవు కదయ్యా," అన్నాను.

"ఆగితే అది డిస్కో ఎందుకవుతుంది అంకుల్? మీరు ముందు ఆ భజన మూడ్‌లోంచి బయటకి రండి."

ఆమె ముక్కలు ముక్కలుగా పాడింది. ఉమాకాంత్ మధ్యలో ఊపిరి చప్పుళ్లన్నీ కత్తిరించి ఆ ముక్కలను అతికించాడు. నాలుగు నిమిషాల పాట. అందులో మనిషి ఒక్కసారీ గాలి పీల్చదు. అది విని డెల్ఫీన్ చప్పట్లు కొట్టింది.

"ఇరవై ఏళ్ల పిల్లలా ఉన్నాను!"

"స్టేజి మీద ఇలా ఎలా పాడతావు?" అన్నాను.

"పాడతాను," అంటూ పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ చెయ్యి నాకు తెలుసు. నా భార్య వసంతలక్ష్మి పొయ్యి దగ్గర నిలబడి సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టుకునేది. కడుపులో గ్యాస్ అనేది, పోయేరోజు దాకా. నమ్మాను. నమ్మడం సులువు.

శనివారం సాయంత్రం హాలు నిండింది. సౌండ్ నా చేతిలో ఉంది. ఎలిస్ ముందు వరసలో ఉత్త చేతులతో కూర్చున్నాడు. డెల్ఫీన్ మెరిసే గౌనులో నా దగ్గరకు వచ్చింది.

"ఏం జరిగినా ఆపకు. మాట ఇవ్వు."

ఇచ్చాను.

రెండో చరణానికే జనం లేచారు. ఆమె నవ్వింది. మూడో చరణంలో భుజం లేచింది. ఎలిస్ చెయ్యి అలవాటుగా గాలిలో ఆగింది. డ్రమ్ములు ఆగలేదు.

నేను ఆపాను.

స్పీకర్లలో ఆమె ఊపిరి ఒక్కటే వినిపించింది, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు. జనం ఈలలు వేశారు, పాట పెట్టమని అరిచారు. ఆమె నా వైపు చూసింది.

"పెట్టు," అంది మైకులో.

నేను పెట్టలేదు. ఉమాకాంత్ వచ్చి నన్ను పక్కకు నెట్టాడు.

"ఏంటంకుల్, షో మొత్తం స్పాయిల్ చేస్తారా?"

పాట మళ్లీ మొదలైంది. హాలంతా ఎగిరింది. ఆమె కళ్లారా చూసింది. నోరు తెరిచింది. భుజం లేచింది. ఎలిస్ కుర్చీ తోసుకుని స్టేజి వైపు పరిగెత్తాడు. ఆమె మోకాళ్ల మీదికి జారితే అదీ డాన్సే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. డ్రమ్ములు చివరిదాకా మోగాయి.

అంత్యక్రియలకు ఉమాకాంత్ పూలు పట్టుకుని వచ్చాడు. ఎలిస్ అతనితో చెయ్యి కలపలేదు. నాతోనూ కలపలేదు. ఆ పాట రికార్డు చేసింది నేనే.