సగం లోడు

ఇటుక బట్టీకి ఒకసారి నిప్పు పెట్టాక మధ్యలో ఆపడానికి ఉండదు. ఆ సంగతి దుర్గాభవానికి పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలోనే తెలిసింది. తెలిసే నిన్న పొద్దున్న తన చేతులతో నిప్పు పెట్టింది. రెండో లోడు మొద్దులు ఇవాళ మధ్యాహ్నానికల్లా వస్తాయని నమ్మి పెట్టింది. ఇప్పుడు పొద్దు నడినెత్తి దాటింది. నాగావళి గట్టు మీద రోడ్డు ఖాళీగా ఉంది.

మొగుడు చినబాబు విజయనగరంలో ఆసుపత్రిలో ఉన్నాడు. కడుపునొప్పని వెళితే అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. "నాను వచ్చిందాకా బట్టీ ఆపు" అని చెప్పాడు. కానీ మూడు రోజులుగా సముద్రం వైపు నుంచి మబ్బులు వస్తున్నాయి. పచ్చి ఇటుక మీద పెద్ద వాన పడితే ఇద్దరూ నెలల తరబడి కోసిన ఇటుక మళ్ళీ మట్టే అవుతుంది. ఆలోచించి ఆలోచించి భవాని నిప్పు పెట్టేసింది. పెట్టాకే అతనికి ఫోన్ చేసింది. చినబాబు కోప్పడలేదు. "కర్రలు సరిపోతాయా?" అని మాత్రం అడిగాడు. "సరిపోతాయి బావా" అంది. ఫోన్ పెట్టేశాక ఉన్న మొద్దులు మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ట్రాక్టరు చప్పుడు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. నిన్నటినుంచి ఆమెతో పాటు మంట ఎగదోస్తున్న కూలిమనిషి తాయారు కూడా ముఖం తుడుచుకుంటూ లేచింది. లోడు ఎత్తుగా, తాళ్ళు బిగించి, చూడ్డానికి నిండుగానే ఉంది. డ్రైవరు నరేష్ దిగి తాళ్ళు విప్పి పై మొద్దులు కిందికి తోశాడు. నాలుగు దుంగలు పడ్డాయో లేదో, లోడు నడుమ కుంగిపోయింది.

"ఆగు నరేష్" అని భవాని చక్రం మీద కాలు పెట్టి ట్రాలీ ఎక్కింది.

అంచుల వెంట లావుపాటి మామిడి మొద్దులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. లోపలంతా ఆకులు కూడా రాలని కొమ్మలు. వాటి కింద మట్టి వదలని వేళ్ళు. నిలిచి మండే కర్ర సగం కూడా లేదు.

"ఇదేటి నరేష్?"

"నాకేటి తెలుసు వదినా. ఆళ్ళు ఎక్కించినారు, నాను తోలుకొచ్చినాను."

ఎప్పుడూ చినబాబే ఆమదాలవలసలోని కర్రల అడితికి వెళ్ళి, లోడు ఎక్కించేదాకా పక్కనే నిలబడేవాడు. ఈసారి భవాని ఫోన్లో చెప్పింది. ఇప్పుడు అదే ఫోన్ తీసి అడితి యజమాని ఎర్రన్నకు చేసింది.

"మావా, లోడు సగమే వచ్చినాది. నడిమంతా కొమ్మలే ఉన్నాయి."

"పెళ్ళిళ్ళ రోజులమ్మా, మొద్దులు దొరకడం లేదు. ఈపాలికి సర్దుకో. మిగతాది ఎల్లుండి అంపుతాను."

"ఎల్లుండికి బట్టీ సల్లారిపోతాది మావా. మంట మీదున్నాది."

"నాకు తెలుసు కదమ్మా" అన్నాడు ఎర్రన్న.

మెత్తగానే అన్నాడు. కానీ ఆ మాటతో భవానికి సంగతి అర్థమైంది. తెలుసు. మండుతున్న బట్టీ ఉన్నవాళ్ళు వచ్చిన కర్రని వెనక్కి పంపరని అతనికి తెలుసు. చినబాబు ఆసుపత్రిలో ఉన్నాడనీ తెలుసు.

నరేష్ తొందరపడుతున్నాడు. "దింపించీ వదినా, ఎచ్చెర్లలో పెళ్ళోరికి ఇంకో లోడు ఎయ్యాల. ఆళ్ళు ఫోన్ల మీద ఫోన్లు సేస్తన్నారు."

భవాని అతని వంకా, ట్రాలీ వంకా చూసింది. కిందికి దిగి ఇంజనుకీ ట్రాలీకీ మధ్యకి వెళ్ళి, రెండింటినీ కలిపే ఇనప శీలను రెండు చేతులా పట్టుకుని లాగింది. గ్రీజు పట్టిన శీల మూడు గుంజులకి ఊడొచ్చింది.

"ఇంజను తీసుకుపో. మొద్దులు పూర్తిగా వచ్చిందాకా ట్రాలీ ఇక్కడే ఉంటాది."

"వదినా, నా పని పోతాది."

"నీ తప్పేటీ లేదని మీ యజమానికి నానే సెప్తాను. పో."

నరేష్ కాసేపు నిలబడ్డాడు. ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి వట్టి ఇంజను తోలుకుని వెళ్ళిపోయాడు. గట్టు దాటకముందే ఎర్రన్న ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు మెత్తగా లేదు.

"నా బండి ఆపితే పోలీసు కేసవుతాది, తెలుసా నీకు?"

"రమ్మను మావా. ఆళ్ళకీ ఈ కొమ్మలు సూపిస్తాను" అని పెట్టేసింది. శీలను చీర కుచ్చిళ్ళ పక్కన దోపుకుంది.

"మనుషుల్ని తోలుకొస్తాడేటే?" అంది తాయారు.

"ఏమో."

లోడులో ఉన్న కొద్దిపాటి మంచి మొద్దులూ తొందరగా అయిపోయాయి. కొమ్మలు వేస్తే తెల్లగా పొగ వచ్చింది తప్ప మంట లేవలేదు. తూర్పు మూలనున్న పొయ్యి నోరు నల్లబడటం మొదలైంది. భవాని దాని ముందు కూర్చుని అరచెయ్యి చాపి చూసింది. పొద్దున్న అంత దూరం నుంచే చురుక్కుమన్న సెగ ఇప్పుడు చెయ్యి దగ్గరికి పెట్టినా తెలియడం లేదు.

రోడ్డుకి అవతల దేవమణి ఇల్లు. పాత పెంకుటిల్లు విప్పించి స్లాబు వేసుకుంది. పాత తాటి దూలాలు పెరట్లో పేర్చి ఉన్నాయి. అవి భవానికి పొద్దున్నుంచీ కళ్ళముందే ఉన్నాయి. కానీ కిందటేడు బట్టీ పొగ ఇంట్లోకి వచ్చి ప్రార్థన కూడిక పాడవుతోందని దేవమణి గ్రామ సచివాలయంలో ఫిర్యాదు పెట్టింది. అప్పుడు భవాని అనరాని మాటలే అంది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

రోడ్డు దాటింది. దేవమణి వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది. తలెత్తకుండానే, "పొగ తగువుకొచ్చినావా?" అంది.

"కాదు అక్కా. దూలాలు అడగడానికొచ్చినాను."

దేవమణి చెయ్యి ఆగింది. "పశువుల సాల కడదామని ఉంచినాను."

"తెలుసు. కర్ర సగమే అంపినారు. మంట పోతన్నాది. మళ్ళీ తెచ్చిస్తాను. ఎప్పుడంటే మాత్రం ఇప్పుడు సెప్పలేను."

అంతలో భవాని చేతిలో ఫోన్ మోగింది. చినబాబు. ఆమె ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎత్తవేటి?"

"ఏటని సెప్పాలో తెలీడం లేదు అక్కా."

దేవమణి ఆమె ముఖంలోకి అప్పుడు చూసింది. చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "పుచ్చినవి పైనున్నాయి, అవి ముందు తీసుకో. మంచివి అడుగునున్నాయి. తప్పదనుకుంటేనే ముట్టుకో."

ముగ్గురు ఆడవాళ్ళూ దూలాలు ఈడ్చారు. ఏళ్ళ తరబడి నీడన ఎండిన తాటికర్ర నిప్పు తగలగానే అందుకుంది. పుచ్చినవి అయిపోయాయి. మంచివాటి మీద కూడా చెయ్యి పడింది. దేవమణి తనే ఒక కొస పట్టింది.

పొద్దు వాలుతుండగా గట్టు మీద ఇంజను చప్పుడైంది. తాయారు మంట ఎగదోసే గడకర్ర చేతిలోకి తీసుకుంది. ముందు కనిపించింది నరేష్. పక్కన మడ్‌గార్డు మీద ఎర్రన్న. వెనక ఎవరిదో చిన్న ట్రాలీ. దాని నిండా మొద్దులు.

ఎర్రన్న దిగి తన ట్రాలీ వైపు నడిచాడు. "చినబాబైతే ఇలాటి పని సేసీవోడు కాదు."

"బావ ఇక్కడుంటే నువ్వు ఇలాటి లోడు అంపీవోడివి కాదు మావా."

భవాని ముందుగా ఆ చిన్న ట్రాలీలోని మొద్దులన్నీ కింద దింపించింది. సందుల్లేకుండా నేలమీద పేర్పించింది. పేర్చాక చూస్తే అప్పటికీ కొంత తక్కువే. అది ఆమెకి కనిపించింది. ఆమెకి కనిపించిందని ఎర్రన్నకీ తెలిసింది. ఇంకా లాగితే అతను వెళ్ళిపోతాడేమో, వెళ్ళిపోతే రేపటి సంగతేమిటో. దూలాలతో కలిపి సరిపోతుందని తనకి తాను చెప్పుకుని శీల ఇచ్చేసింది.

"ఆ కొమ్మలు నువ్వే పట్టుకుపో" అంది.

అప్పుడు చినబాబుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"ఏ మూల సల్లబడినాది?"

"తూరుపు మూల."

"దానికే ముందెట్టు. నోరు సగం మూసి మండించు" అన్నాడు. ఆ తర్వాత, "అన్నం తిన్నావా?" అన్నాడు. అప్పటికి గానీ భవానికి ఏడుపు రాలేదు.

వాన మూడోనాటికి వచ్చింది. బట్టీ అప్పటికి కాలింది. చల్లారాక విప్పితే తూర్పు మూల ఇటుక పాలిపోయి, చేత్తో నొక్కితే పొడైంది. మిగతాదంతా ఎర్రగా దిగింది. ఆసుపత్రి నుంచి వచ్చిన చినబాబు కుట్లమీద చెయ్యి పెట్టుకుని, బట్టీ పక్కన వేసిన మంచం మీద కూర్చుని చూశాడు. దేవమణి దూలాలు వద్దంది. "సాలకి గోడలు కావాల. ఇటికలే ఇయ్యి" అని, మంచివి తనే ఏరుకుంది.

మరుసటి బట్టీకి చినబాబు కోలుకున్నా, అడితికి భవానే బస్సెక్కి వెళ్ళింది. ఎర్రన్న కుర్చీ లాగి, "కూకోమ్మా, టీ సెప్తాను" అన్నాడు.

"ఉండనీ మావా" అని ఆమె ట్రాలీ పక్కకి వెళ్ళి నిలబడింది. చివరి మొద్దు ఎక్కేదాకా అక్కడినుంచి కదల్లేదు.