మామగారు నమ్మిన మెయిలు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ దుకాణం కోడలిది. మెయిళ్ళ పెత్తనం మాత్రం మామగారిది. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి ఊరికే కూర్చోలేక, "మెయిళ్ళు నేను చూస్తానమ్మా, నువ్వు మిషన్ల సంగతి చూసుకో" అన్నారు. కోడలు సరేనంది. అన్నందుకు ఏడాదిగా తల పట్టుకుంటోంది.

దుకాణానికి వెబ్‌సైటు ఉంది. దాని పేరును ఏ కంపెనీ దగ్గర కొన్నారో అక్కడే ఏటేటా రిన్యూ చేయించుకోవాలి. ఆ పేరు చూసి ఎక్కడెక్కడి మోసగాళ్ళో మెయిళ్ళు పెట్టేవారు. మీ పేరును విదేశంలో ఎవరో రాయించుకోబోతున్నారని ఒకడు, మీ సైటు వెతికినా కనిపించకుండా పోతుందని ఇంకొకడు. ప్రతిదానికీ మామగారు పరుగెత్తుకొచ్చేవారు. కోడలు మిషన్ మీంచి తల ఎత్తకుండానే చెప్పేది: "మనం పేరు కొన్నది ఒక్క కంపెనీ దగ్గరే మామయ్యగారూ. మిగతావాళ్ళకి మనతో ఏం పని? తీసిపారేయండి."

చివరికి ఆయనే ఒక సూత్రం కనిపెట్టారు. మెయిల్లో అచ్చుతప్పులుంటే దొంగ, లేకపోతే దొర.

ఒక మంగళవారం ఉదయం, కుట్టు నేర్పే స్కూలుకు పన్నెండు మిషన్లు మధ్యాహ్నంలోగా ఇవ్వాలని కోడలు తలమునకలై ఉండగా, ఆయన నవ్వుతూ వచ్చారు.

"పెద్ద గండం తప్పించానమ్మా! మన పేరు ఇవాళ్టితో రద్దవుతుందట. లింకు నొక్కి, పాస్‌వర్డు కొట్టి ఆపేశాను."

కోడలి చేతిలోని బాబిన్ జారి బల్లకిందికి దొర్లింది.

"పాస్‌వర్డు కొట్టారా?"

"కంపెనీ వాళ్ళే అడిగారుగా. ఒక్క తప్పు లేదు, చూడు. కామాలు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి."

"కామాలు ఏ గంగలో కలిస్తే ఏంటండీ! ఎక్కణ్ణించి వచ్చిందో చూశారా?"

చూపించింది. కంపెనీ పేరు సరిగ్గానే ఉంది. పంపిన చిరునామాలో మాత్రం ఎల్ అక్షరం ఉండాల్సిన చోట ఒకటి అంకె ఉంది. "పైగా మన గడువు ఇంకా ఎనిమిది నెలలుంది. క్యాలెండరు మీద రాసింది మీరే!"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

ఆ మెయిల్లోని లింకు జోలికి పోకుండా, కంపెనీ చిరునామా తనే టైపు చేసి లోపలికి వెళ్ళబోయింది కోడలు. పాస్‌వర్డు చెల్లలేదు. అప్పటికే ఎవరో మార్చేశారు. పాత రసీదు వెతికి, దానిమీదున్న నంబరుకు ఫోన్ చేసింది. పావుగంట సంగీతమే వినిపించింది.

"మంచినీళ్ళు తేనా అమ్మా?"

"వద్దు."

"పోనీ, ఫ్యాను పెంచనా?"

"మామయ్యగారూ, మీకు దండం పెడతాను, కాసేపు కూర్చోండి!"

చివరికి ఒకామె పలికింది. ఖాతా వివరాలు సరిచూసుకుని, "మీ సైటు పేరును వేరే కంపెనీకి మార్చుకోవాలని ఎవరో ఇప్పుడే దానికున్న తాళం తీయబోయారండీ. దానికి మీ ఫోనుకు ఓటీపీ ఆరంకెలు వచ్చుంటాయి. ఎవరికైనా చెప్పారా?" అంది.

ఖాతాలో ఉన్నది మామగారి నంబరు. కోడలు ఆయనవైపు తిరిగింది.

"వచ్చాయి. ఎవరో ఫోన్ చేసి అడిగారు కూడా" అన్నారాయన మెల్లగా. "ముందు నీకు చెప్పాలన్న తొందరలో, కాసేపాగి చేయమన్నాను."

అనగానే ఆయన జేబులో ఫోన్ మోగింది. కోడలు లాక్కుని కాల్ కట్ చేసింది.

మధ్యాహ్నానికి ఖాతా చేతికొచ్చింది, పాస్‌వర్డు మారింది. మిషన్లు ఆలస్యమైనందుకు స్కూలామె చీవాట్లు పెట్టింది. భోజనాల దగ్గర ఆయన తలెత్తలేదు. అంతలా అరవకుండా ఉండాల్సిందనిపించింది కోడలికి.

"మెయిళ్ళు మీరే చూడండి. పాస్‌వర్డు మాత్రం నా దగ్గరుంటుంది" అంది.

ఆయన బుద్ధిగా తలూపారు.

రెండ్రోజుల తర్వాత ఒక పెద్దావిడ రొప్పుతూ దుకాణం మెట్లెక్కింది. చంకలో బరువైన మిషన్.

"బాగుచేస్తారా అని మెయిలు పెడితే, అసలు మీకు మిషన్ ఉందని రుజువేంటని రాశారు. ఇదిగో రుజువు. ఎక్కడ పెట్టమంటారు?"

కోడలు లోపలి గదివైపు చూసింది. మామగారు అప్పటికే పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.